మంచు రాని శనివారాలు

12 మార్చి 1966, శనివారం

కండను అసిటోన్‌తో కడిగి ఆరబెట్టిన పొడిని మంచునీళ్ళలో నానబెట్టాను. మేక తొడకండ తాజాది దొరికింది, మంచు వేళకు వచ్చింది, అసిటోన్ ఇంకో నెలకు సరిపోతుంది. హెడ్మాస్టరు గాబ్రియేలు గారు సైన్సు రూము తలుపు దగ్గర ముక్కు మూసుకుని నిలబడి, ఇది బడా లేక కసాబు దుకాణమా అని అడిగి నవ్వి పోయారు. నవ్వనీ. ఎమ్మెస్సీ చదివి ఎనిమిదో తరగతికి కప్ప బొమ్మ గీసి చూపించేవాడు ఈ మాత్రం మాట పడాల్సిందే.

పని మాత్రం ఒక దారిన పడింది. శనివారం బడి లేదు కనుక పొద్దున్నే ఇద్దరం బయల్దేరతాం. నేను కసాబు దగ్గరికి, ఎలిశిబా బస్టాండుకి. హైదరాబాదు బస్సు మీద రంపపు పొట్టు కప్పుకుని వచ్చే మంచుగడ్డను సోడా షాపు ఎల్లయ్య దించుకుంటాడు. అందులో మా ముక్క గోనెలో చుట్టి చంకన పెట్టుకుని ఆమె నడిచి వస్తుంది. కండ వేడికి చెడకముందే మంచు చేరాలి. నేను ఆలస్యం చేయకూడదు, ఆమె చేయకూడదు. పెళ్ళైన ఆరేళ్ళలో మేమిద్దరం ఇంత కుదురుగా కలిసి చేసిన పని ఇంకోటి లేదు.

13 మార్చి, ఆదివారం

గుడి అయ్యాక పోయి చూశాను. నిన్న పొడి నానిన ద్రవంలో ఉప్పు వేయగానే ఆక్టిన్ దారాలు కట్టి అది చిక్కబడింది. గాజు గొట్టంలోంచి దిగడానికి డ్రిల్లు మాస్టారి స్టాప్‌వాచీలో తొంభై ఆరు సెకన్లు పట్టింది. అదే ద్రవం ఇవాళ యాభై రెండు సెకన్లలో జారిపోయింది. ఒట్టి నీళ్ళకు నలభై. దారాలు నిలవలేదు, తెగిపోయాయన్నమాట.

20 మార్చి

యాభై.

27 మార్చి

యాభై నాలుగు. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

3 ఏప్రిల్, ఆదివారం

యాభై ఒకటి. ఇంటికి వచ్చి గమ్మున కూర్చుంటే ఎలిశిబా, అసలు ఆక్టిన్ అంటే ఏమిటని అడిగింది. ఆరేళ్ళకు అడిగింది, సంతోషం. చెప్పాను. కండలో కంటికి కనబడని సన్నని దారాలుంటాయి. చిన్న చిన్న పూసలు ఒకదాన్నొకటి పట్టుకుని ఆ దారమవుతాయి. ఆ దారాలుంటేనే కండ బిగుస్తుంది, గుండె కొట్టుకుంటుంది. ఆ పూసల్ని మిగతా అన్నిటినుంచీ విడదీసి, ఎవరి ఆసరా లేకుండా అవి దారంగా నిలుస్తాయని నేను చూపించాలి. హైదరాబాదులో నా థీసిస్ చూసే ప్రొఫెసర్ రాంచందర్ గారికి ఇది కుదిరే పని అని నమ్మకం లేదు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. సున్నా డిగ్రీల మంచులో తీయనిది ఏదీ లెక్కలోకి రాదు.

ఆమె చేతిలో హాస్టలు పిల్లల గౌను ఉంది, వాళ్ళకు కుట్టుపని నేర్పుతుంది కదా. సూదిలో దారం ఎక్కిస్తూ, "మైనం రాయకుంటె దారం కుట్టేటప్పుడే తెగుతది గద. గీ దారానికి గూడ పక్కన ఏదన్న ఉండాలేమొ," అంది.

దర్జీ తెలివి అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

10 ఏప్రిల్, ఈస్టరు

ఎలిశిబా క్వయర్‌లో నిలబడలేదు. వెనక బెంచీలో కూర్చుంది. పాస్టరు గారు అడిగితే గొంతు బాగాలేదని చెప్పిందట. ఇంట్లో గొంతు బాగానే ఉంది. బద్ధకం, ఇంకేం లేదు.

16 ఏప్రిల్, శనివారం

మంచు లేదు. గంటన్నర ఆలస్యంగా ఒట్టి గోనె పట్టుకుని వచ్చింది. బస్సులో రాలేదట. మరి గోనె ఎందుకు తడిగా ఉందంటే, ఎల్లయ్య నిన్నటి ముక్కేదో ఇచ్చాడని, దారిలోనే కరిగిపోయిందని చెప్పింది. అరిచాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఏదో ఒక సాకు. ఆమె తలుపుకు ఆనుకుని నిలబడి, చెమట తుడుచుకుని పోయింది.

పొడిని కుండ నీళ్ళలో నానబెట్టాను. ఎట్లాగూ పోయేదే. నోట్‌బుక్‌లో మాత్రం "మంచు, 0 డిగ్రీలు" అనే రాశాను. అన్ని పేజీల్లోనూ అట్లాగే ఉంది, ఒక్క పేజీ వేరుగా ఉంటే ప్రొఫెసరు గారు మొత్తం పుస్తకాన్నే పక్కన పడేస్తారు. ఇది అబద్ధం కాదు. పుస్తకం ఒక తీరుగా ఉండాలని అంతే.

17 ఏప్రిల్, ఆదివారం

తొంభై నాలుగు!

మూడు సార్లు చూశాను. తొంభై నాలుగు, తొంభై నాలుగు, తొంభై మూడు. నిలిచింది. పరుగున ఇంటికొచ్చి ఎలిశిబాను రెండు చేతులా పట్టుకుని గిర్రున తిప్పాను. వద్దు వద్దని గోడ పట్టుకుని నిలబడి చాలాసేపు నవ్వింది, రొప్పుతూనే నవ్వింది. ఆమె అంత సంతోషపడటం ఈ మధ్య చూడలేదు.

మంచు లేనందువల్లే అని ఎవరైనా అనవచ్చు. మంచు లేకపోతే ఏదైనా చెడుతుంది గానీ బాగుపడుతుందా? ఈసారి కండ జాగ్రత్తగా కడిగాను. చేయి తిరిగింది.

24 ఏప్రిల్

మంచు వచ్చింది. యాభై మూడు. కడగడంలో తొందరపడ్డాను.

8 మే, ఆదివారం

తొంభై రెండు. నిన్న మళ్ళీ మంచు రాలేదు, బస్సు వాళ్ళకు బాధ్యత లేదు. అయినా నిలిచింది. వచ్చేటప్పుడు ఎలిశిబాకు మల్లెపూలు తెచ్చాను.

15 మే

మంచు ఉంది. యాభై. ఈ మంచు ఏ మురికి నీళ్ళతో చేస్తున్నారో.

28 మే, శనివారం

మంచు లేదు. ఎలిశిబా వచ్చేసరికి పెదవులు నల్లగా ఉన్నాయి. నేరేడు పండ్లు తిన్నావా అంటే ఊ అంది. ఎండ చాలా ఉందని, వచ్చేటప్పుడు రిక్షా ఎక్కనా అని అడిగింది. పావుగంట నడకకు రిక్షా ఎందుకు, నడిస్తే ఒంటికి మంచిదన్నాను. సైన్సు చదివినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు.

29 మే

తొంభై ఐదు. మంచు రాని రోజులకీ దీనికీ సంబంధం ఉందేమో అన్న ఆలోచన వచ్చింది. ఉంటే ప్రొఫెసరు గారి షరతు ప్రకారం ఇవేవీ లెక్కలోకి రావు, నాలుగేళ్ళ పని నీళ్ళపాలు. కాబట్టి సంబంధం లేదు.

19 జూన్

తొంభై మూడు. నిన్న మంచు లేదు. పేపరు మొదలుపెట్టాను. మొదటి వాక్యం: "ఆక్టిన్ దారం తనంతట తానే నిలబడగలదు." నాలుగుసార్లు చదువుకున్నాను. బాగుంది.

27 జూన్

ఎలిశిబాకు దగ్గు పట్టుకుంది. అసిటోన్ వాసనకే అని గాబ్రియేలు గారు అన్నారు. సైన్సు రూముకి రావద్దని, మంచు గుమ్మం దగ్గర పెట్టి పొమ్మని చెప్పాను. ఈమధ్య గోడకు దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. ఉక్క.

9 జూలై, శనివారం

మంచు లేదు. వర్షం కూడా లేదు.

పొద్దున బయల్దేరేముందు అడిగింది: "ఒక్క శనివారం మంచు మీరు తెస్తరా? కసాబు తాన్కి నేను పోత." కసాబు దుకాణం మా ఇంటికి రెండు సందుల అవతలే, నిజమే. కానీ ఏ కండ కోయించాలో ఆమెకేం తెలుసు? తొడ లోపలి వైపు కాకుండా ఇంకేదో తెస్తే వారం పోతుంది. అదే చెప్పాను. సరే అని గోనె తీసుకుని పోయింది.

24 జూలై

తొంభై నాలుగు.

31 జూలై

తొంభై ఆరు. వరుసగా రెండు, రెండుసార్లూ మంచు లేదు. ఇక నా చేయి నిలకడకు వచ్చింది.

7 ఆగస్టు

తొంభై ఐదు. మంచు ఊసే లేదు ఈమధ్య. ఎలిశిబాను అడగడం కూడా మానేశాను.

15 ఆగస్టు

నిన్న తొంభై నాలుగు. నిలిచినవి మొత్తం తొమ్మిది. జెండా వందనం అయ్యాక పేపరూ నోట్‌బుక్కూ రిజిస్టరు పోస్టులో ప్రొఫెసరు గారికి పంపాను. ఎలిశిబా ప్రార్థన చేసింది. నా పేరు ఎక్కడో అచ్చులో పడాలని అడిగింది. తన కోసం ఏమీ అడగలేదు.

20 ఆగస్టు, శనివారం

పదకొండైంది. మంచు లేదు, మనిషి లేదు. కండ పళ్ళెంలో రంగు మారుతోంది. ఇంత చిన్న పని ఒక్కటి అప్పగిస్తే

అదే రోజు

ఎలిశిబా దవాఖానలో ఉంది. బస్టాండు దారిలో కల్వర్టు గోడ మీద కూర్చుని రక్తం కక్కిందట. ఎల్లయ్య తన సోడా బండి మీద పడుకోబెట్టి తోసుకొచ్చాడు. డాక్టర్ లలిత గారు గుండె విని, చాలాసేపు విని, గొట్టం చెవుల్లోంచి తీయకుండానే ఆయాసం ఎప్పటి నుంచి ఉందని అడిగారు.

పది రోజుల నుంచి అన్నాను. ఆమె నా ముఖం చూశారు.

21 ఆగస్టు

చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం గుండెలో కవాటాన్ని ముడిచేసిందట. కొద్దికొద్దిగా మూసుకుపోతూ వచ్చిందట. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు. ఆపరేషను వేలూరులో చేస్తారు, కానీ రైలెక్కించే స్థితి దాటిపోయిందన్నారు. ఎండాకాలంలో తెచ్చి ఉంటే పంపేదాన్నని చెప్పారు. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పినా బాగుండేది.

గుండె కండ గురించి నాలుగేళ్ళుగా చదువుతున్నాను.

23 ఆగస్టు

పాపన్నపేట నుంచి మా అత్త యేసమ్మ వచ్చింది. కూతురి పాదాల వాపు మీద వేలితో నొక్కి, పడ్డ గుంటను చూసి, చీర కప్పింది. ఆ వాపు నాకు తెలియదు. చీర అంచు కింద ఏముందో నేను చూసి ఎన్నాళ్ళైంది?

25 ఆగస్టు

ఎల్లయ్య దవాఖానకు వచ్చాడు, గోనెలో మంచు తెచ్చాడు, అక్క నోట్లో పెట్టుకుంటుందేమోనని. ఈ యేడు బస్సులో మంచు సరిగ్గా రాలేదు కదా అన్నాను.

వాడు నన్ను వింతగా చూశాడు. "ఒక్క శనివారం గూడ నాగా లేదు సార్. అక్క ఒచ్చి తీస్కపోయేది. గా కల్వర్టు మీద కూసునేది, దమ్ము తీస్కుంట. గంట, గంటన్నర. మంచంత నీళ్లయ్యేదాంక లెవ్వకపోయేది. నేనే తెచ్చిస్త అంటె ఒద్దనేది. సారుకు చెప్పకు, పనిల పరేషాన్ అయితడు అన్నది."

గోనె తడిగా ఉందని నేనే అడిగాను. ఏప్రిల్ పదహారున. ఈ పుస్తకంలోనే రాసుకున్నాను.

26 ఆగస్టు

ప్రొఫెసరు గారి ఉత్తరం. కొన్ని రోజులు నిలిచి కొన్ని రోజులు పడిపోవడం చేతి గుణం కాదంటారు. పొడిని చల్లగా కాకుండా మామూలు నీళ్ళలో నానబెడితే ఆక్టిన్ వెంట ఇంకో ప్రోటీన్ కూడా వచ్చేస్తుందని, ట్రోపోమయోసిన్ అని, అది దారం పొడుగునా పక్కనే ఒదిగి ఉంటుందని విదేశాల్లో రాస్తున్నారట. ఇంకా కొత్తవి కూడా దొరుకుతున్నాయట, దారాలను పట్టి ఉంచేవి. శుద్ధమైన ఆక్టిన్ ఒంటరిగా నా గొట్టంలో నిలవకపోవడంలో వింత లేదంటారు. "నీ నోట్‌బుక్కులో అన్ని రోజులూ సున్నా డిగ్రీలని ఉంది. నిజమేనా? నిజం కాకపోతే ఏ రోజులు కాదో తారీఖులతో రాయి."

మైనం.

27 ఆగస్టు, శనివారం

తారీఖులు నోట్‌బుక్కులో లేవు. ఇక్కడే ఉన్నాయి, నేను ఆమెను తిట్టుకున్న చోటల్లా ఉన్నాయి. వెతికి ఒక కాగితం మీద రాశాను. ఏప్రిల్ 16. మే 7. మే 28. జూన్ 18. జూలై 9. జూలై 23. జూలై 30. ఆగస్టు 6. ఆగస్టు 13. మొదట్లో మూడు వారాలకొకటి, తర్వాత రెండు వారాలు, ఆ తర్వాత వారం వారం.

అది ప్రొఫెసరు గారికి రాసిన కాగితం. తీసుకుపోయి డాక్టరు గారికి ఇచ్చాను. ఆయాసం ఎప్పటి నుంచి అని అడిగారు కదా, ఇదిగో అన్నాను. ఆమె చదివి, ఇంత వివరంగా రాసి పెట్టుకుని కూడా తీసుకురాలేదా అని అడిగారు. నేను రాసింది జబ్బు గురించి కాదని చెప్పాలనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతే బాగుండనిపించింది.

30 ఆగస్టు

కొంచెం తేరుకుంది. యేసమ్మ బయటికి పోయినప్పుడు అడిగేశాను, నాతో ఎందుకు చెప్పలేదని, బస్సులో మంచు రాలేదని ఎందుకు అబద్ధమాడావని.

మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది: "మొదటిసారి భయంతోనే అన్న. తెల్లారి మీరు నన్ను పట్కొని తిప్పిండ్రు. మంచు లేని రోజే మీరు నవ్వుకుంట ఇంటికొచ్చేటోళ్లు. నేను తేకున్నా మంచిగనే అయితున్నది గద అనుకున్న."

ఆమె చేయి పట్టుకున్నాను. ఆ చేతి మీద సూది గుచ్చిన మచ్చలున్నాయి, వాటిని కూడా ఇప్పుడే చూశాను.

కాసేపటికి, దారం నిలబడిందా అని అడిగింది. నిలబడిందన్నాను. నువ్వు చెప్పినట్టే పక్కన ఇంకోటి ఉందట అన్నాను. నా దర్జీ తెలివే కదా అని కళ్ళు మూసుకుంది. నవ్విందనే అనుకుంటున్నాను.

3 సెప్టెంబరు

తొమ్మిది తారీఖులూ ప్రొఫెసరు గారికి పంపాను. నోట్‌బుక్కులో రాసింది అబద్ధమని కూడా రాశాను. థీసిస్ పోతే పోనీ. యేసయ్యా, దానికి బదులు ఈమెను ఉంచు అని అడిగాను. బేరానికి నా దగ్గర ఉన్నది అదొక్కటే.

6 సెప్టెంబరు

బాగానే ఉంది. గంజి తాగింది. వచ్చే నెల వేలూరు పోవచ్చేమో, డాక్టరు గారిని అడగాలి.

8 సెప్టెంబరు

అడగలేదు. ఆమె ఏం చెబుతారో తెలుసు.

11 సెప్టెంబరు, ఆదివారం

పొద్దున తొమ్మిదింటికి. గుడి గంట మోగుతూ ఉంది.

12 సెప్టెంబరు

భూస్థాపనకు క్వయర్ పాడింది. ఆమె నిలబడే చోటు ఖాళీగా వదిలారు. ఈస్టరు నుంచీ అట్లాగే వదిలారట, ఎవరినీ నిలబెట్టలేదట. అందరికీ తెలుసు. నాకు తప్ప అందరికీ తెలుసు.

18 సెప్టెంబరు

యేసమ్మ పాపన్నపేట పోయింది. కుట్టుపెట్టె తీసుకుపోతానంటే తీసుకుపొమ్మన్నాను. వాకిట్లో నిలబడి, "నా బిడ్డ గాచారం గంతే," అంది. నన్ను ఒక్క మాట అంటే ఆమె కాళ్ళ మీద పడేవాణ్ణి. అనలేదు.

బియ్యం ఎక్కడ ఉంటుందో వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికాక వండబుద్ధి కాలేదు.

24 సెప్టెంబరు, శనివారం

ప్రొఫెసరు గారి జవాబు. నోట్‌బుక్కులో అబద్ధం రాసినందుకు మూడు వాక్యాలు తిట్టారు. తర్వాత అంతా మెచ్చుకోలు. మంచులో తీసినవి అన్నీ పడ్డాయి, మంచు లేకుండా తీసినవి తొమ్మిదికి తొమ్మిదీ నిలిచాయి, పక్కనుండే ప్రోటీన్ వల్లే దారం నిలబడుతుందని ఇంత స్పష్టంగా చూపించే ఫలితం కావాలని పథకం వేసుకున్నా రాదంటారు. మొదటి వాక్యం ఒక్కటి మార్చి మళ్ళీ రాస్తే అచ్చు వేయిద్దామంటారు. ఎలిశిబా సంగతి నేను ఆయనకు రాయలేదు.

చివర్లో ఒక ప్రశ్న. "పద్ధతి అనే భాగంలో ఒక లోటు ఉంది. మంచు లేని రోజులను ఏ ఆధారంతో ఎంచుకున్నావో రాయలేదు. ఒక్క వాక్యం చాలు."

ఈ వారమంతా ఆ ఒక్క వాక్యం రాయలేను, నాకు తెలుసు.

1 అక్టోబరు, శనివారం

పొద్దున బస్టాండుకి పోయాను. నన్ను చూసి ఎల్లయ్య ముక్క కొట్టి, పొట్టు అద్ది, గోనెలో చుట్టి ఇచ్చాడు. జేబులో డ్రిల్లు మాస్టారి స్టాప్‌వాచీ ఉంది. నొక్కి బయల్దేరాను. కల్వర్టు దగ్గర గోడ మీద కూర్చుందామనుకున్నాను. నాకు ఆయాసం లేదు, కూర్చోవడానికి కారణం లేదు. నడిచాను.

సైన్సు రూముకి పద్నాలుగు నిమిషాలు. గోనె విప్పితే మంచు ఏమీ కరగలేదు, అంచులు కూడా పదునుగానే ఉన్నాయి. దాన్ని బల్ల మీద పెట్టి కూర్చున్నాను. కండ తేలేదు, పొడి నానబెట్టలేదు. మధ్యాహ్నానికి బల్లంతా నీళ్ళైంది.

అప్పుడు పేపరు తీశాను. మొదటి వాక్యం కొట్టేశాను. పద్ధతి దగ్గర రాశాను: "మంచు లేని రోజులను ముందుగా ఎంచుకోలేదు." చాలదు. కొట్టేశాను. "మంచు రవాణాలో అంతరాయం వల్ల." అది కూడా కొట్టేశాను. మూడోది రాశాను: "ఆ తొమ్మిది రోజులూ నా భార్య నడవలేకపోయింది."

దాన్ని కొట్టేయలేదు.